పరాచికాల వరస

చచ్చిపోయిన స్నేహితుణ్ణి తిట్టినందుకు బకారీ త్రావొరే పెద్దనాన్నకి యంత్రం నోరు కట్టేసింది.

ఆయన సెగూ అనే ఊళ్ళో దర్జీపని చేసి మానేసిన ముసలాయన. పోయినాయన ఇంటిపేరు జారా. జారా వాళ్ళకీ త్రావొరే వాళ్ళకీ ఏ తాతల కాలంనుంచో పరాచికాల వరస. ఒకరినొకరు బానిస అనుకోవచ్చు, బొబ్బర్లు మెక్కే పొట్ట అనుకోవచ్చు, శవం పక్కన నిలబడి కూడా అనవచ్చు. అనవచ్చు ఏమిటి, అనాలి. అనకపోతే ఆ ఇంటివాళ్ళు మనసులో పెట్టుకుంటారు. ముసలాయనకి మోకాళ్ళు పట్టేసి సమాధిదాకా వెళ్ళలేక, ఫోన్లో గొంతు సందేశాలు పంపుకునే యాప్‌లో, "ఇన్నాళ్ళకి పోయావా బానిసా, పోయేముందు నా బొబ్బర్లు ఇచ్చి పోవద్దూ" అని ఏడుస్తూ నవ్వుతూ పంపాడు. అది ఆ ఇంటికి చేరనేలేదు. దూషణ, బెదిరింపు అని యంత్రం దాన్ని మధ్యలోనే ఆపేసి, ఆయన ఖాతా మూసేసింది. పోయినాయన భార్య ఆ ముసలాయన పేరు ఎత్తితే మొహం తిప్పుకుంటోంది.

ఆ యంత్రానికి చదువు చెప్పేది రాజధాని బమాకోలో బకారీ పనిచేసే ఆఫీసే కావడం ఇందులో తమాషా. పెద్ద గదిలో వరసగా బల్లలు, చెవులకి స్పాంజి ఊడిపోతున్న హెడ్‌ఫోన్లు, కాళ్ళకింద కుట్టుమిషనుకి ఉన్నట్టు ఒక తొక్కుడు పలక. దాన్ని తొక్కితే గొంతు ఆగుతుంది, మళ్ళీ తొక్కితే నడుస్తుంది. చేతికింద మూడు మీటలు. పచ్చది నొక్కితే పరాచికం, ఎర్రది నొక్కితే బెదిరింపు, బూడిదరంగుది నొక్కితే తెలియదు. తెలియదని ఎక్కువసార్లు నొక్కేవాళ్ళని పిలిచి మాట్లాడతారు కాబట్టి ఆ మీటమీద దుమ్ము పేరుకుని ఉండేది.

బకారీ పక్క బల్ల సితాన్ జారాది. ఆ గదిలో చెవి అంటే సితాన్ చెవే. గొంతు రెండు మాటలు పలికేసరికి మీట నొక్కేసేది, తప్పు పోయేది కాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, తెలిసినట్టు నడకలో కొంచెం కనిపించేది కూడా. బకారీ, సితాన్ ఇంటిపేర్లు అవి అయినందువల్ల పొద్దున్నే వాళ్ళ పలకరింపులు తిట్లతోనే మొదలయ్యేవి. కొత్తగా చేరినవాళ్ళు ముందు భయపడి, తరవాత ఆ పేర్లు విని నవ్వుకునేవాళ్ళు.

బకారీ పెద్దనాన్న గొడవ ఆఫీసు పెద్ద కదియా మేడమ్ దాకా వెళ్ళింది. ఆమె మనిషి మంచిదే. గొంతు పెంచదు, ఎవరి పేరూ మరిచిపోదు. సితాన్‌ని పిలిచి, పరాచికానికీ బెదిరింపుకీ తేడా యంత్రానికి నేర్పే పని నీదే అంది. నీకెలా తెలుస్తుందో అది చెప్పు చాలు అంది.

"తెలుస్తుంది మేడమ్," అంది సితాన్.

"తెలుస్తుంది అని యంత్రానికి చెప్పలేం కదా. ఏం చూసి తెలుస్తుంది?"

సితాన్ ఆ రోజంతా దానిమీదే కూర్చుంది. ఒక గొంతు పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని, ఇది పరాచికమని నాకు ఎక్కడ తెలిసింది అని తనని తానే అడుక్కుంది. ఇక్కడ అని చూపించడానికి చోటు దొరకలేదు. నడిచేవాణ్ణి కాలు ఎలా వేస్తున్నావని అడిగితే తడబడినట్టు, ఆలోచించేకొద్దీ అంతవరకూ తెలిసింది కూడా తెలియనట్టు అయిపోయింది. వసారాలో బొగ్గుల కుంపటిమీద టీ మరగబెడుతున్న బకారీ దగ్గరికి వెళ్ళి తన బాధ చెప్పుకుంది.

బకారీ చిన్న గ్లాసులోంచి పెద్ద గ్లాసులోకి టీ ఎత్తి పోస్తూ, మాట లోపల ఒక మనిషి కూర్చుని ఉంటాడనీ, మనం వినేది వాణ్ణి కానీ మాటని కాదనీ, యంత్రానికి మాట దొరుకుతుంది గానీ లోపలివాడు దొరకడనీ చెప్పాడు. ఇంత తెలివిగా మాట్లాడతానని తనకే తెలియదన్నట్టు నురగ వైపు చూసుకున్నాడు.

"లోపలివాడు దొరక్కపోతే ఇంటిపేరు చూసుకోమందాం," అంది సితాన్. "జారా త్రావొరేని అన్నా, త్రావొరే జారాని అన్నా పరాచికం. అందులో బానిస, బొబ్బర్లు, తాత, ఈ మాటలుంటే మరీ పరాచికం."

"బొబ్బర్లు మీ వాళ్ళ వంశానికే సొంతం అని కూడా రాయించు," అన్నాడు బకారీ.

ఆ విధంగా చెప్పగలిగింది ఏదో అదే చెప్పారు. చెప్పలేనిది ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళోంచి జారాలనీ త్రావొరేలనీ పిలిపించి, మైకు ముందు కూర్చోబెట్టి తిట్టుకోమన్నారు. తిట్టుకోమంటే తిట్టుకోవడం ఎవరికి చేతనవుతుంది. మొదట బిగుసుకుపోయారు. తరవాత ఒక లావుపాటి జారా ఆవిడ, ఎదుటి త్రావొరే బూట్లు చూసి ఇవి ఎవరి శవందగ్గర కొట్టుకొచ్చావని అడిగేసరికి గది మొత్తం పగలబడి నవ్వింది. ఇక ఆపడం కదియా మేడమ్ వల్ల కూడా కాలేదు. మధ్యాహ్నం అందరూ ఒకే బేసిన్ చుట్టూ కూర్చుని వేరుశెనగ పులుసుతో అన్నం తిన్నారు. మాంసం ముక్కలు ఎదుటివాళ్ళ వైపునుంచి లాక్కుంటూ, బానిసలకి మాంసమెందుకని దెప్పుకుంటూ తిన్నారు.

యంత్రం చురుకైంది. నేర్చుకుంది. బకారీ పెద్దనాన్న ఖాతా తెరుచుకుంది. ఆయన ఆగిపోయిన సందేశం మళ్ళీ పంపితే, ఆ ముసలావిడ విని కళ్ళు తుడుచుకుని, బొబ్బర్లు సమాధిలో ఉన్నాయి వచ్చి తీసుకో అని బదులు పంపిందట. ఆఫీసులో అందరికీ సంతోషమైంది. సితాన్‌కి కొంచెం గర్వంగానే అనిపించింది.

ఆ తరవాతి వారం ఒక ఉదయం ఎప్పటిలాగే ఒక గొంతు ఆమె చెవిలోకి వచ్చింది. అందుకున్నవాడు ఇది బెదిరింపని రెండోసారి ఫిర్యాదు చేశాడు. మొదటిసారికి యంత్రమే బదులిచ్చేసింది. రెండోసారి కాబట్టి మనిషి చెవిదాకా వచ్చింది. తెర మూలన యంత్రం తన అభిప్రాయం ముందే చెప్పింది. పంపినవాడు బందియుగు జారా. అందుకున్నవాడు మాసిరే త్రావొరే. ఇంచుమించు తిరుగులేని పరాచికం.

"నువ్వు మా బానిసవి మాసిరే," అంటోంది గొంతు తాపీగా. "మీ తాత మా తాతకి నీళ్ళు మోశాడు. బొబ్బర్లు తినేవాడికి బావి ఎందుకు, గుంటలో నీళ్ళు చాలు. శుక్రవారం నమాజుకి ముందు నీ గిన్నె నువ్వు తీసుకుని పో. పోకపోతే మీ తాతని ఎక్కడ పూడ్చామో నీకూ అక్కడ చోటుంది."

బొబ్బర్లు తినేవాడికి బావి ఎందుకు అన్నచోట సితాన్‌కి నవ్వొచ్చింది. ఇది బాగుంది, బకారీమీద వాడాలి అనుకుంది. నవ్వుతూనే పచ్చ మీట నొక్కింది. తరవాతి గొంతు అప్పటికే వచ్చేసింది.

మధ్యాహ్నం వాడింది కూడా. బకారీ నీళ్ళ సీసా ఎత్తుతుంటే ఆ మాట అంది. అతను మెచ్చుకున్నాడు.

తరవాత కొన్ని రోజులకి ఒకావిడ ఆఫీసుకి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, ఉతికి ఇస్త్రీ చేసిన నీలం బట్టల్లో ఉంది. పేరు న్యాగలే త్రావొరే అని చెప్పింది. ముందుగదిలో కూర్చోమంటే కూర్చోలేదు. కదియా మేడమ్ లోపలికి తీసుకొచ్చి, భాష తెలిసినవాళ్ళు పక్కన ఉంటే మంచిదని సితాన్‌ని కూడా పిలిచింది.

న్యాగలే గుడ్డలో చుట్టిన ఫోను తీసి బల్లమీద పెట్టి, మీట నొక్కింది. ఆ తాపీ గొంతు గదిలోకి వచ్చింది. రెండో మాటకే సితాన్ గుర్తుపట్టింది. బొబ్బర్ల మాట వచ్చేసరికి ఆమెకి చెంపలు వేడెక్కాయి.

మాసిరే తన తమ్ముడని చెప్పింది న్యాగలే. వాళ్ళది కాయి వైపు ఒక ఊరు. అక్కడ బందియుగు వాళ్ళది పెద్ద ఇల్లు. మీ ముత్తాతని మా వాళ్ళు కొన్నారు అని ఇప్పటికీ వీళ్ళచేత పెళ్ళిళ్ళకి మేకలు కోయిస్తారు, గిన్నెలు కడిగిస్తారు. మాసిరే ఈ ఏడు కోయనన్నాడు. అందుకు బావి మూసేశారు. ఆ సందేశం వచ్చింది. శుక్రవారం దాటింది. ఆ రాత్రే గోడ కూలగొట్టి, వాణ్ణి నలుగురు కలిసి కర్రలతో కొట్టారు. కాలు విరిగింది. ఇప్పుడు ఈ ఊళ్ళోనే, బంకోనిలో అక్క ఇంట్లో ఉన్నాడు.

"ఠాణాకి వెళ్ళాం," అంది న్యాగలే. "జారాకీ త్రావొరేకీ పరాచికం ఉంటుంది కదమ్మా, కొట్టుకోవడం వేరే గొడవ అయివుంటుందన్నారు. ఫోన్లో మీ బదులు చూసి, బమాకోలో యంత్రమే పరాచికమని తేల్చింది, మేమేం చేస్తామన్నారు. ఊరి పెద్దలు మాసిరేకి పరాచికం పట్టదన్నారు."

కదియా మేడమ్ చాలా బాధపడింది. నిజంగానే బాధపడింది. మంచినీళ్ళు తెప్పించింది.

"నాకు ఇంకేమీ వద్దు," అంది న్యాగలే. "ఒక్కటి చెప్పండి. దీన్ని మనిషి విన్నాడా, యంత్రం విందా?"

"యంత్రం," అంది కదియా మేడమ్.

"మా తమ్ముడు ఇప్పుడు ఏమంటున్నాడో తెలుసా. అందరూ అలాగే అంటున్నారు కదక్కా, యంత్రానికి నామీద ఏం పగ, అది పరాచికమేనేమో, నాకే బుర్ర చెడిందేమో అంటున్నాడు. కూర్చుని అదే పదిసార్లు వింటున్నాడు. మనిషి ఎవరైనా వినివుంటే అడుగుదామని వచ్చాను."

సితాన్ నేల చూస్తూ నిలబడింది. న్యాగలే ఫోను మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక సితాన్ తన బల్లదగ్గరికి పోయి ఆ సందేశం వెతికి తీసింది. కాలితో ఆపుతూ, నడుపుతూ విన్నది. ఇంటిపేర్లు తెరమీద కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి విన్నది. అప్పుడు తెలిసింది. పరాచికమాడేవాడు ఎక్కడో ఒకచోట ఆగుతాడు. అవతలివాడు తిరిగి ఏమంటాడా అని ఒక్క రవ్వ చెవి ఒగ్గుతాడు. ఫోన్లో ఒంటరిగా మాట్లాడుతున్నా ఆగుతాడు. బందియుగు ఎక్కడా ఆగలేదు. అతనికి బదులు అక్కర్లేదు. మొదటిసారే అది ఆమె చెవిలో పడే ఉండాలి. మరెందుకు పడలేదంటే, ఆ పొద్దున ఆమె విన్నది పేర్లని. యంత్రానికి తను నేర్పిన పాఠమే తనకి కంఠతా వచ్చేసింది. లోపల మనసంటూ లేనిది పేరు చూసి పొరబడిందంటే సరే, మనసున్న తను కూడా ఆ పూట దాన్ని పక్కన పెట్టి కూర్చుందే అని ఆమెకి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం కదియా మేడమ్ పిలిచింది. యంత్రాన్ని సరిచేయిస్తాను, దానికి నెలా రెండు నెలలు పడుతుంది అంది. ఈలోపు ఆ కుటుంబం బాధ తీర్చాలి అంది. నువ్వు ఆదివారం కోలా గింజలు పట్టుకుని వెళ్ళు అంది. కోలా గింజలు ముందుపెట్టి, నాలుగు పరాచికాలాడి, క్షమించమని అడిగితే కాదనడానికి త్రావొరేలకి నోరుండదు, నువ్వు జారావి కాబట్టి అని మెత్తగా వివరించింది.

"మరి ఆవిడ అడిగింది?" అంది సితాన్.

"ఇక్కడ విన్నది బయట చెప్పకూడదని అందరం సంతకాలు పెట్టాం సితాన్. చెబితే నిన్ను నేను కాపాడలేను. అయినా చెప్పి ఏం లాభం. యంత్రం తప్పు చేసిందంటే ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు."

సితాన్ వసారాలోకి వచ్చింది. బకారీ కుంపటి దగ్గర ఉన్నాడు. అంతా విన్నాక అతను చాలాసేపు టీ పొయ్యడం మరిచిపోయాడు.

"మేడమ్‌కి మన సంగతి బాగా తెలుసు," అన్నాడు చివరికి. "జారా అడిగితే త్రావొరే కాదనకూడదు. మాసిరే సరేనంటాడు. సరేనన్నాక మళ్ళీ ఠాణాకి వెళితే జనం మొహాన ఉమ్ముతారు. నువ్వు అడగడానికి వెళ్ళడం లేదు సితాన్, మూత పెట్టడానికి వెళుతున్నావు."

"వెళ్ళనా మరి?"

"నేను త్రావొరేని. నన్నడక్కు." అతను ఆ రోజు ఆమెని ఒక్క తిట్టూ తిట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం సితాన్ కోలా గింజలు కాగితం సంచీలో వేసుకుని ఆకుపచ్చ వ్యాను ఎక్కి బంకోనిలో దిగింది. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉంది. క్షమాపణ చెప్పి వచ్చేస్తే ఉద్యోగం ఉంటుంది, ఆ ఇంటికీ కొంత ఊరట దొరుకుతుంది, తప్పేముంది అని ఒక మనసు. ఇంకో మనసు ఏమీ అనకుండా ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఆమెని ఎక్కువ తినేసింది.

అయిదారు కుటుంబాలు ఉండే ఉమ్మడి వాకిలి అది. ఒక పక్క ఇద్దరు ఆడవాళ్ళు జొన్నలు దంచుతున్నారు. ఇంకోపక్క నీడలో ప్లాస్టిక్ తాళ్ళు అల్లిన కుర్చీలో మాసిరే కూర్చుని ఉన్నాడు. కాలు కట్టుతో సహా ముక్కాలిపీటమీద పెట్టుకున్నాడు. ఒళ్ళో ఫోను ఉంది. గోరింటాకు ముద్ద నూరుతున్న న్యాగలే ఆమెని చూసి లేచింది. గుర్తుపట్టింది, కానీ మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ఎవరని తమ్ముడు అడిగితే, ఆ యంత్రం ఆఫీసు మనిషి అని చెప్పింది.

సితాన్ ఆరోగ్యం అడిగింది, రాత్రి నిద్ర అడిగింది, ఇంట్లోవాళ్ళని అడిగింది. అన్నిటికీ మాసిరే బాగున్నామని పద్ధతిగా చెప్పాడు. గొంతులో ప్రాణం లేదు. ఎవరితో మాట్లాడుతున్నా వినేది ఇంకెక్కడో అన్నట్టుంది.

"ఇంటిపేరేమిటమ్మా?"

"జారా. సితాన్ జారా."

అతని మొహం మారింది. ముందు భయంతో మారిందేమో అనిపించింది. కానీ మరుక్షణం పెదవి ఒక పక్కకి లేచింది. అది అతను చేసిన పని కాదు, తాతలు చేయించిన పని.

"జారావా?" అన్నాడు. "అయితే ఆ గుమ్మం దగ్గర నేలమీద కూర్చో. మా ఇంట్లో బానిసలకి కుర్చీలు వెయ్యం."

జొన్నలు దంచేవాళ్ళు రోకళ్ళు ఆపి పకపకా నవ్వారు. తమ్ముడు ఊరునుంచి వచ్చాక నవ్వినట్టు మాట్లాడింది అదే మొదటిసారి అని న్యాగలే మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆమె చెయ్యి గోరింటాకు ముద్దమీదే ఆగింది. మాసిరే ముందుకి వంగి, కనుబొమలు ఎత్తి, బదులుకోసం చూస్తున్నాడు.

సితాన్ నోట్లో బదులు సిద్ధంగా ఉంది. ఒకటి కాదు, నాలుగున్నాయి. ఒక్కటి అంటే చాలు. అతను నవ్వుతాడు, వాకిలి నవ్వుతుంది, కోలా గింజలు చేతులు మారతాయి, మాట అయిపోతుంది. కొన్నాళ్ళకి, అది పరాచికమే అని అతనే అందరికీ చెప్పుకుని బతికేస్తాడు.

ఆమె ఏమీ అనలేదు.

జారా నోరు తెరవకపోవడం అక్కడ ఎవరూ ఎరగరు. ఎదుటివాడి మొహాన తలుపు వేసినదానికంటే అది పెద్ద అవమానం. ఆడవాళ్ళ నవ్వు సగంలో ఆగింది. మాసిరే కనుబొమలు మెల్లిగా దిగాయి. ఇది కూడా నాకు సరిగా అర్థం కాలేదా అన్నట్టు అక్క వైపు చూశాడు.

సితాన్ నేలమీదే కూర్చుంది, అతని పీట దగ్గరగా.

"మాసిరే అన్నా, ఇవాళ పరాచికాలాడలేను. బందియుగు మాటలు యంత్రం ఒక్కటే వినలేదు. నేను విన్నాను. ఈ చెవులతో విన్నాను. బొబ్బర్లన్న చోట నవ్వాను కూడా. పరాచికమని మీట నొక్కింది నేనే."

న్యాగలే గోరింటాకు చేతులతోనే దగ్గరికి వచ్చి నిలబడింది.

"అది పరాచికం కాదు," అంది సితాన్. "చంపుతానన్నాడు. రేపు నీతో ఠాణాకి వచ్చి ఇదే చెబుతాను. నన్ను క్షమించమని అడగను. జారా అడిగితే నువ్వు కాదనలేవు, అందుకని అడగను. నీకు కోపం ఉంటే ఉంచుకో."

కోలా సంచీ ఆమె ఒళ్ళోనే ఉండిపోయింది. ఎవరి ఇంట్లోనో రేడియో నడుస్తోంది. మాసిరే తన ఫోను వైపు చూశాడు, తరవాత ఆమె నోటి వైపు చూశాడు. అతను నవ్వలేదు. క్షమించాననీ అనలేదు.

"మొదటిసారి విన్నప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి," అన్నాడు. "అప్పటికి ఎవరూ నాకేమీ చెప్పలేదు. చేతులకే తెలిసిపోయింది. తరవాత అందరూ చెప్పాక, చేతులు అబద్ధమాడాయేమో అనుకున్నాను."

"ఆడలేదు," అంది సితాన్.

అతను కాలు కొద్దిగా జరుపుకుని, నొప్పికి మొహం చిట్లించి, మళ్ళీ ఆమె వైపు తిరిగాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పింది.